వెన్ను బిగిస్తే దాగిపోయిన బొమ్మ: 1808 నాటి ‘మార్మియన్’ రిపేరు

“ఇందులో ఒక ఊరుంది. ముప్పై ఏళ్లుగా కనిపించడం లేదు.”

పుస్తకాన్ని బల్ల మీద పెడుతూ ఆవిడ అన్న మొదటి మాట ఇది. ఆవిడకి డెబ్బై దాటాయి. యార్క్‌షైర్‌లో టీచరుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు ఆదివారాలు టీ తాగడం అయ్యాక, పిల్లలు చేతులు కడుక్కుని తుడుచుకుని వస్తేనే, వాళ్ల అమ్మమ్మ ఈ పుస్తకం బయటికి తీసేదట. పేజీలని ఓ పక్కకి వంచి పట్టుకుంటే బంగారు అంచు మాయమైపోయి, దాని చోట ఒక కొండ, ఒక కోట, ఎర్ర శాలువా కప్పుకున్న ఒక మనిషి కనిపించేవాళ్లట. వదిలేస్తే మళ్లీ అంతా బంగారమే. తర్వాతెప్పుడో, 1990ల్లో, వెన్ను చిరిగిపోతే వాళ్లమ్మ బైండింగ్‌కి ఇచ్చారు. పుస్తకం కొత్తదానిలా గట్టిగా తిరిగొచ్చింది. ఊరు మాత్రం తిరిగి రాలేదు. బలంగా వంచితే విరుగుతుందేమోనన్న భయంతో ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు.

నేను ఇంగ్లండ్‌లో, లీడ్స్ అనే ఊళ్లో, ఒక చిన్న వర్క్‌షాపులో పాత పుస్తకాలు బాగుచేస్తుంటాను. ఈ కేసు వివరంగా తెలుగులో రాయడానికి కారణముంది. ఇలాంటి పుస్తకం మన బైండర్ల చేతికి రావడం అరుదు. కానీ దీనికి జరిగిన పొరపాటు మాత్రం మన ఊళ్లలో నేను చూసిన లైబ్రరీ బీరువాల్లో కూడా కనిపించింది. పుస్తకం గట్టిగా ఉంటే బాగుపడినట్టే అనుకోవడమే ఆ పొరపాటు.

పుస్తకం, దాని అంచు

‘మార్మియన్’ సర్ వాల్టర్ స్కాట్ రాసిన కథాకావ్యం. 1808లో ఎడిన్‌బరోలో అచ్చయింది. రాయడం పూర్తి కాకముందే పబ్లిషర్ కాన్‌స్టబుల్ స్కాట్‌కి వెయ్యి గినీలు ఇచ్చాడు. మొదట పెద్ద క్వార్టో సైజులో వచ్చింది, అదే ఏడాది చిన్న సైజులో మళ్లీ మళ్లీ వేశారు. మా దగ్గరికి వచ్చింది ఆ చిన్న సైజు ప్రతి. మన తెలుగు నవలల డెమ్మీ సైజే అనుకోండి. ముదురు నీలం మేకతోలు బైండింగ్, మూడు వైపులా బంగారు అంచులు, లోపల మొదటి తెల్ల పేజీ మీద సిరాతో ఒక పెళ్లికూతురి పేరు, 1811 అన్న సంవత్సరం. ఆకులు సుమారు 250. మూసి ఉన్నప్పుడు పేజీల మందం 32 మిల్లీమీటర్లు.

వెన్నుకి ఎదురుగా, మనం పేజీలు తిప్పేవైపు ఉండే అంచుని ఇంగ్లీషు బైండర్లు ఫోర్‌ఎడ్జ్ అంటారు. నేను ముందంచు అంటాను. బ్యాంకులో క్యాషియరు నోట్ల కట్టని వంచి లెక్కపెట్టేటప్పుడు చూసే ఉంటారు. కట్ట వంగగానే ఒక్కో నోటు అంచు కొంచెం కొంచెంగా మెట్లలా జరుగుతుంది. పుస్తకం కూడా అంతే. వంచినప్పుడు ఒక్కో ఆకు చివర వెంట్రుకంత పట్టీ బయటపడుతుంది. బొమ్మ ఉండేది ఆ పట్టీల మీదే. ఈ పుస్తకంలో వంచిన అంచు వెడల్పు 45 మిల్లీమీటర్లు. దాన్ని 250 ఆకులు పంచుకుంటే ఒక్కో ఆకుకి మిల్లీమీటరులో ఐదో వంతు కూడా రాదు. ఏ ఒక్క ఆకూ విడిగా బొమ్మ కాదు. రంగు అంటిన మరకలా కనిపిస్తుందంతే. 250 మరకలు తమ తమ మెట్ల మీద సరిగ్గా నిలబడితేనే ఊరు.

వేసే పద్ధతి ఇది. కుట్టి, అంచులు కోసిన పుస్తకాన్ని వంచి, రెండు చెక్కల మధ్య బిగిస్తారు. కుంచెలో నీళ్లు దాదాపు లేకుండా వాటర్‌కలర్ వేస్తారు. తడి ఎక్కువైతే రంగు పేజీ లోపలికి పాకిపోతుంది. ఆరాక పుస్తకాన్ని వదిలేసి, మూసి, మళ్లీ గట్టిగా బిగించి, మూసిన అంచుకి గుడ్డు తెల్లసొన రాసి బంగారు రేకు అతికిస్తారు. అకీకు రాయితో రుద్ది మెరుగు పెడతారు. అప్పుడు బొమ్మ బంగారం వెనక్కి వెళ్లిపోతుంది. ఇటువైపు వంచితే ఒక బొమ్మ, అటువైపు వంచితే ఇంకో బొమ్మ కనిపించే పుస్తకాలు కూడా ఉన్నాయి.

అంచుల మీద బొమ్మలు అంతకన్నా పాతవి. ఇటలీలో బెల్లూనో దగ్గరి పిల్లోనే కుటుంబం 16వ శతాబ్దం చివర్లో తమ లైబ్రరీ పుస్తకాల అంచుల మీద చెజారె వెచెల్లియో చేత బొమ్మలు వేయించుకుంది. ఆయన చిత్రకారుడు టిషియన్‌కి బంధువు. అవి పుస్తకం మూసి ఉండగానే కనిపిస్తాయి. దాక్కునే రకం 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్‌లో మొదలైంది. అప్పట్లో ఎక్కువగా వంశ చిహ్నాలు, పూలు వేసేవారు. ఊళ్లు, నదులు, భవనాలు అంచులకెక్కింది తర్వాతి శతాబ్దంలో. ఆ పనికి పేరు తెచ్చిన ఎడ్వర్డ్స్ కుటుంబానిది హాలిఫాక్స్. మా లీడ్స్ నుంచి రైల్లో ముప్పావు గంట కూడా పట్టదు. తండ్రి విలియం, ఆయన కొడుకులు ఈ పనిలో ఉండేవారు. కొడుకుల్లో జేమ్స్ లండన్‌లో దుకాణం పెట్టి, పారదర్శకంగా చేసిన వెల్లం తోలు కింద బొమ్మ వేసే పద్ధతికి 1785లో పేటెంటు కూడా తీసుకున్నాడు. హాలిఫాక్స్ వెళ్లినప్పుడల్లా ఆ వీధుల్లో నడుస్తుంటే, ఇక్కడే ఎవరో తడి లేని కుంచెతో కూర్చుని ఉంటారని నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ముందు చూసింది

బొమ్మ ఉందో లేదో ఒక్కసారి వంచి చూద్దామన్న కోరిక చాలా బలంగా కలిగింది. వంచలేదు. పుస్తకాన్ని తెరిచి చూస్తే పరిస్థితి తెలిసిపోయింది. ఎక్కడ తెరిచినా ఎలుకల బోనులా టపీమని మూసుకుంటోంది. వెన్ను చెక్క ముక్కలా ఉంది. చివరి భాగంలో కుట్టు తెగి, తొమ్మిది ఫారాలు (మడిచి కలిపి కుట్టిన ఆకుల కట్టలు) జిగురు పట్టు మీదే నిలబడి ఉన్నాయి.

1990ల నాటి బైండరు వెన్ను మీద పాత తోలు తీసేసి, పేరున్న లేబుల్ మాత్రం ఉంచి, మడతలని గరుకు కాగితంతో రుద్ది, తెల్ల పీవీఏ జిగురు దట్టంగా పోశాడు. మన ఇళ్లలో తెల్ల ఫెవికాల్ తెలియనివాళ్లుండరు. అదే జాతి. దాని మీద మందపాటి అట్ట, ఆ పైన కొత్త తోలు. జిగురు మందం కొలిస్తే 1.2 మిల్లీమీటర్లు వచ్చింది. పని శుభ్రంగా ఉంది, తోలు అంచులు చక్కగా చెక్కి ఉన్నాయి. చేతకాని మనిషి చేసింది కాదది. అంచులో బొమ్మ ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. మూసిన పుస్తకం బంగారు అంచుతో ఉంది, దాన్ని గట్టి చేసి ఇచ్చాడు.

పేజీలు వంగాలంటే వెన్ను కూడా వాటితో పాటు కొద్దిగా జరగాలి. ఫారానికీ ఫారానికీ మధ్య కదలిక ఉండాలి. పీవీఏ ఆ కదలికని తీసేసింది. ఊరు మాయమవడానికి కారణం ఇదే.

వంచకుండానే బొమ్మ ఉందని రెండు ఆధారాలు దొరికాయి. పుస్తకాన్ని తెరుచుకున్నంత మేర తెరిచి, ఒక్కో ఆకు చివర భూతద్దంతో చూస్తే, తెల్ల మార్జిన్ చిట్టచివర గీత లాంటి రంగు ఉంది. కొన్నింటికి నీలం, కొన్నింటికి బూడిద, ఒకచోట వరసగా కొన్ని ఆకులకి ఎరుపు. అది చూసినప్పుడు నేను చాలాసేపు భూతద్దం దించలేదు.

రెండోది మైక్రోస్కోప్ కింద కనిపించింది. మూసిన బంగారు అంచు మీద, బంగారం పైన, సూది మొనంత రంగు చుక్కలు ఐదారు ఉన్నాయి. బంగారం కింద కాదు, పైన. బొమ్మ ముందు వేసి బంగారం తర్వాత అద్ది ఉంటే రంగు కింద ఉండాలి. ఇక్కడ అప్పటికే బంగారం ఉన్న పుస్తకాన్ని తెచ్చి, వంచి, బొమ్మ వేశారు. మూసిన అంచు మీద పడిన రంగు తుడిచేసినా కొన్ని చుక్కలు మిగిలిపోయాయి. అంటే 1811 నాటి పెళ్లికూతురికి కానుకగా వచ్చినప్పుడు ఈ బొమ్మ ఉండి ఉండకపోవచ్చు. ఆ అనుమానం ఆవిడకి వెంటనే చెప్పలేదు. ఊరు కనిపించాక, చేతిలో రుజువులు పెట్టుకుని చెబుదామనుకున్నాను.

ఇంకొక చిన్న సంగతి. కింది అట్ట లోపలి వైపు మూల దగ్గర, కాగితం బొటనవేలంత మేర అరిగి నునుపెక్కి ఉంది. పుస్తకాన్ని తరాలుగా ఏ వైపుకి వంచారో ఆ మచ్చ చెప్పింది. రిపేరు మొత్తం ఆ దిశకి అనుకూలంగా చేయాలని నా నోట్‌బుక్‌లో మొదటి లైనుగా రాసుకున్నాను.

జిగురు

ఇక్కడి చిక్కు ఏమిటంటే, వెన్ను వైపు ఉన్న జిగురుని మెత్తబరచాలి, ముందంచు వైపు ఉన్న రంగుకి తడి తగలకూడదు. రెంటికీ మధ్య దూరం 13 సెంటీమీటర్ల కాగితం. కాగితం నీటిని పీల్చుకుని ముందుకు పాకిస్తుంది.

పీవీఏ ఆరాక నీళ్లలో కరగదు. అసిటోన్ దాన్ని బాగా ఉబ్బిస్తుంది, కానీ పల్చటి ద్రావకం కాబట్టి ఉబ్బిన జిగురుని కాగితం పోగుల్లోకి ఇంకా లోపలికి లాక్కెళ్తుంది. వాటర్‌కలర్‌లో రంగుని పట్టి ఉంచేది గమ్ అరబిక్. మన తుమ్మబంక లాంటిదే. అది నీళ్లకి లొంగుతుంది, ఆల్కహాల్‌కి లొంగదు. కాబట్టి నీళ్లు ఎంత తక్కువైతే బొమ్మకి అంత మంచిది.

దారి చూపించింది 1808 నాటి బైండరే. ఆయన తోళ్లు, ఎముకలు ఉడికించి తీసే జంతు జిగురు వాడాడు. పీవీఏ చాలాచోట్ల నేరుగా కాగితం మీద కాకుండా, ఆ పాత జిగురు పొర మీద కూర్చుంది. జంతు జిగురు కొద్దిపాటి చెమ్మకే ఉబ్బి పట్టు వదులుతుంది. అది వదిలితే పైనున్న పీవీఏ కూడా దానితో పాటే పొరలా లేస్తుంది. అందుకని మిథైల్ సెల్యులోజ్‌ని గట్టి జెల్‌లా చేసి, అందులో ఆల్కహాల్ కలిపాను. వెన్ను మీద జపాన్ కాగితం పరిచి, దాని మీద రెండు మూడు సెంటీమీటర్ల మేర మాత్రమే జెల్ పెట్టి, పాలిథీన్ కప్పి, పావుగంట ఆగి, వెదురు పుల్లతో లేపాను. ముందంచుని పొడి బ్లాటింగ్ కాగితాల మధ్య మూసి బిగించి ఉంచాను. ప్రతి విడత అయ్యాక ఆ బ్లాటింగ్ కాగితాన్ని తూకం వేశాను. బరువు పెరిగితే తడి ముందుకు వచ్చినట్టే. ఒక్కసారి కూడా పెరగలేదు.

ఈ పనికి తొమ్మిది రోజులు పట్టింది. రోజుకి మూడు గంటలకి మించి చేయలేదు. కళ్లు అలిసిపోతే చెయ్యి తొందరపడుతుంది. గరుకు కాగితంతో రుద్దిన చోట్ల పాత జిగురు పొర లేదు. పీవీఏ నేరుగా మడతల్లోకి దిగిపోయింది. అక్కడ లేచినంతే లేపి, మిగతాది వదిలేశాను. పూర్తిగా తీయాలంటే కాగితమే వస్తుంది.

నా తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. మూడో రోజు ప్రెస్‌లో పెట్టేటప్పుడు బ్లాటింగ్ కాగితం ఒరుసుకుని, ముందంచు కింది మూల దగ్గర బియ్యపు గింజంత బంగారు రేకు లేచిపోయింది. ఆ సాయంత్రమే ఫోన్ చేసి ఆవిడకి చెప్పాను, ఫొటో పంపాను. అక్కడ కొత్త బంగారం పెట్టొద్దని ఇద్దరం అనుకున్నాం. తర్వాతి నుంచి బ్లాటింగ్‌కీ బంగారానికీ మధ్య నున్నటి సిలికాన్ కాగితం వాడాను. మొదటి రోజే వాడాల్సింది.

సమం చేయడం

కుట్టు ఊడిన తొమ్మిది ఫారాల మడతలని జపాన్ టిష్యూతో అతికించాను. ఇక్కడ టిష్యూ మందం పెద్ద విషయం. మామూలు పుస్తకానికి కాస్త మందం టిష్యూ వేసినా ఎవరికీ తెలియదు. ఇక్కడ ప్రతి మడతకీ పొర చేరితే వెన్ను వైపు లావెక్కి, పేజీలు వంగే తీరే మారిపోతుంది. అందుకని దొరికినవాటిలో అతి పల్చటిది తీసుకుని, ఫారంలో బయటి జత ఆకులకి మాత్రమే వేశాను. జిగురు గోధుమ గంజి. వాల్‌పోస్టర్లకి ఉడికించే మైదా ముద్దకి ఇది దగ్గర చుట్టం. కాకపోతే ఇందులో గ్లూటెన్ తీసేసిన పిండిపదార్థం మాత్రమే ఉంటుంది. ఎన్నేళ్లకైనా కొద్ది తడితో విప్పుకోవచ్చు.

బైండింగ్ నేర్చుకున్న ఎవరికైనా చేతికి అలవాటైన పని ఒకటుంది. ఫారాలన్నీ పేర్చి, వెన్ను వైపు బల్ల మీద తట్టి సమం చేయడం. నేనూ అలాగే తట్టాను. పాత తాళ్లకి కొత్త నారదారంతో కుట్టు వేశాను. ఇంకా వెన్నుకి ఏమీ అతికించకుండానే, అరచేతులతో పట్టుకుని, ఆ బొటనవేలి మచ్చ చెప్పిన దిక్కుకి, చాలా నెమ్మదిగా మొదటిసారి వంచాను.

బంగారం పక్కకి జరిగి ఊరు వచ్చింది. మొదట ఆకాశం, తర్వాత కోట, తర్వాత కొండవాలు.

కానీ కోట కింద రాతిగుట్ట మధ్యలో అడ్డంగా ఒక గీత. గీతకి పైనున్న రాయికీ కిందున్న రాయికీ పొంతన లేదు. పాత టీవీలో బొమ్మ జారినట్టుంది. ఒక ఫారం మొత్తం లోపలికి వెళ్లిపోయింది.

కారణం ఆలోచించడానికి ఒక పూట పట్టింది. 1990ల నాటి బైండరు మడతలని గరుకు కాగితంతో రుద్దినప్పుడు కొన్ని ఫారాలకి వెన్ను వైపు కాగితం కొంత పోయింది. అవి వెడల్పు తగ్గాయి. వెన్ను వైపు సమం చేస్తే ఆ తగ్గింది కాస్తా ముందంచులో లోటుగా తేలుతుంది. ఈ ఫారానికి ఆ తేడా 0.3 మిల్లీమీటర్లు. మామూలు పుస్తకంలో కంటికే ఆనదు. ఇక్కడ ఒక్కో ఆకు వాటా ఐదో వంతు మిల్లీమీటరు కాబట్టి ఊరు విరిగిపోయింది.

కుట్టు విప్పాను. ఈసారి వెన్నుని వదిలేసి, ముందంచు వైపు సమం చేశాను. నున్నటి గాజుపలకకి ఆనించి, ఒక్కో ఫారాన్నీ దాని పాత బంగారపు తలానికి చేర్చి, వెన్ను వైపు ఎగుడుదిగుడులు ఎలా వస్తే అలా రానిచ్చాను. ఆ పల్లాల్లో టిష్యూ పొరలు నింపాను. ఇన్నేళ్లుగా చేతికి పట్టిన అలవాటుని తలకిందులు చేసుకోవడం తేలిక కాలేదు. రెండుసార్లు తెలియకుండానే చెయ్యి పుస్తకాన్ని వెన్ను వైపు తిప్పేసింది.

రెండోసారి వంచినప్పుడు రాయి రాయితో కలిసింది. జిగురు మడతల్లో ఉండిపోయిన మరో ఫారం దగ్గర, కోటకి ఎడమ పక్కన, సన్నటి గీత ఒకటి మిగిలింది. దాన్ని అలాగే ఉంచాను.

తర్వాతి పని త్వరగానే సాగింది. వెన్నుకి రెండు పొరల కోజో కాగితం, గోధుమ గంజి, పల్చటి కాగితపు బోలు గొట్టం, దాని మీద బాగా చెక్కి పల్చబరిచిన నీలం మేకతోలు, పైన పాత లేబుల్. మొత్తం అరవై గంటల పని.

ఏ ఊరు, ఏ కాలం

బొమ్మలో ఉన్నది ఎడిన్‌బరో. కాల్టన్ కొండ మీద నిలబడి పడమర వైపు చూస్తే కనిపించే ఊరు. దూరంగా కోట, మధ్యలో ఇళ్ల కప్పులు, పొగ. కావ్యంలో కూడా మార్మియన్ ఒక కొండ మీద నుంచి ఎడిన్‌బరోని చూసే ఘట్టం ఉంది. అక్కడ స్కాట్ తన ఊరిని ముచ్చటగా తలుచుకుంటాడు. బొమ్మ వేసిన మనిషి పుస్తకం చదివే వేశారని నా నమ్మకం. కొండవాలు మీద ఎర్ర శాలువా మనిషి ఒక ఆడమనిషి. పక్కన గడ్డి మీద పరిచిన తెల్లటి గుడ్డలున్నాయి. కాల్టన్ కొండ మీద బట్టలు ఆరేసుకోవడం ఆ ఊళ్లో పాత అలవాటు. శాలువా ఎత్తు రెండు మిల్లీమీటర్లు. లెక్కపెట్టాను, అది పదకొండు ఆకుల అంచుల మీద ఉంది. పదకొండు ఆకుల మీద పదకొండు ఎర్ర గీతలు, పైవాటిలో కొద్దిగా నారింజ కలిపి. భుజం మీద వెలుగు పడినట్టు కనిపించడానికి అంతే చాలింది.

ముందువైపు ఒక గుండ్రటి మండపం ఉంది, చుట్టూ స్తంభాలతో. అది తత్వవేత్త డూగల్డ్ స్టువర్ట్ స్మారకం. ఏథెన్స్‌లోని ఒక పాత కట్టడాన్ని చూసి విలియం ప్లేఫెయిర్ రూపకల్పన చేశాడు, 1831లో పూర్తయింది. కప్పుల మధ్య ఇంకో చోట బూడిదరంగు సూది మొన లాంటిది పైకి లేచి ఉంది. 20 రెట్లు పెద్దది చేసి చూస్తే గోథిక్ గోపురం. స్కాట్ జ్ఞాపకార్థం కట్టిన కట్టడమే అది. 1844లో కట్టడం పూర్తయింది, 1846లో ప్రారంభించారు. స్కాట్ పుస్తకం అంచు మీద స్కాట్ స్మారకం, అదీ నాలుగు ఆకుల అంచుల మీద. పుస్తకం 1808ది, పెళ్లి 1811లో, బొమ్మ 1844కి ముందుది కాదు.

బొమ్మ ఏ ఏడాది తర్వాతది కాదో, ఆ పైహద్దు పట్టుకోవడం కష్టం. ఆ కోణంలో ఇవాళ చూస్తే 1902లో తెరిచిన రైల్వే హోటల్ గడియారపు గోపురం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బొమ్మలో అది లేదు. కానీ వేసినవాళ్లు పాత ఎన్‌గ్రేవింగ్ చూసి వేసి ఉంటే లేకపోవడంలో వింతేమీ లేదు. అతినీలలోహిత (యూవీ) దీపం కింద మబ్బుల్లో తెలుపు ఆకుపచ్చ కలిసిన పసుపుగా వెలిగింది. జింక్ వైట్ అలా వెలుగుతుంది. వాటర్‌కలర్‌గా అది 1834లో మార్కెట్‌కి వచ్చింది. ఒక విశ్వవిద్యాలయ ల్యాబులో తెలిసినవాళ్లు ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే, ఎక్స్‌రేలతో మూలకాలు గుర్తించే పరికరంతో చూసి జింక్ ఉందని, శాలువా ఎరుపులో పాదరసం ఉందని చెప్పారు. పాదరసం ఉందంటే అది ఇంగిలీకం అనే ఎర్ర రంగు. టైటానియం లేదు. టైటానియం తెలుపు మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి సరుకు. అది లేకపోవడం పాతదనడానికి అనుకూలమే కానీ రుజువు కాదు.

ఆకాశం అడుగున సాయంత్రపు పసుపు యూవీ కింద మిగతా అన్నింటికన్నా ఎక్కువ వెలిగింది. ఇండియన్ యెల్లో అనే రంగు లక్షణం అది. బీహార్‌లో ముంగేర్ దగ్గర, మామిడాకులు మాత్రమే మేపిన ఆవుల మూత్రం నుంచి చేసేవారని 1883లో టి. ఎన్. ముఖర్జీ చూసి రాశారు. 20వ శతాబ్దం మొదట్లో ఆ రంగు మార్కెట్ నుంచి మాయమైంది. ఇది కేవలం వెలుగు చూసి చెప్పే మాట కాబట్టి రిపోర్టులో ‘అవకాశం ఉంది’ అని మాత్రమే రాశాను. అయినా స్కాట్లండ్ ఆకాశంలో మన మామిడాకుల పసుపు ఉండొచ్చన్న ఊహతో ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

పాత పుస్తకానికి తర్వాతి కాలపు బొమ్మ అనగానే దొంగసరుకు అనుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఇలాంటివే ఎక్కువ. మెర్సీసైడ్ ప్రాంతంలో బట్టల వ్యాపారి జాన్ బీర్ 19వ శతాబ్దం చివర్లో తన సొంత పాత పుస్తకాల అంచుల మీద తానే బొమ్మలు వేసుకున్నాడు. 20వ శతాబ్దం మొదట్లో లండన్‌లో మిస్ కర్రీ తను వేసిన బొమ్మలకి సంతకం పెట్టి, నంబర్లు కూడా వేసేవారు. మన కాలంలో వర్తింగ్ ఊళ్లో మార్టిన్ ఫ్రాస్ట్ దశాబ్దాలుగా ఈ పని చేస్తున్నారు. 1808 నాటిదని చెప్పి అమ్మితే అది మోసం. బొమ్మ వేయడం మోసం కాదు. ఈ పుస్తకానికి ఎవరో, 1844 తర్వాత ఎప్పుడో, తమ ఇంటి పాత కావ్యం తెచ్చి, అది పుట్టిన ఊరిని దాని అంచుకే ఇచ్చారు.

అప్పగింత

వెన్ను కట్టిన నాలుగు వారాలకి ఆవిడని రమ్మన్నాను. గంజి పూర్తిగా ఆరి, కాగితం గది గాలికి సర్దుకోవాలి.

ముందు తేదీల సంగతి చెప్పాను. పెళ్లికానుకలో బొమ్మ లేదని చెప్పడానికి నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఆవిడ విని, కాసేపు ఊరుకుని, “అయితే మా ఇంట్లోవాళ్లే ఎవరో వేయించి ఉంటారు కదా” అన్నారు. ఆ మాట నాకు తట్టలేదు. ఇల్లు మారని పుస్తకం అది. రిపోర్టులో ఆ వాక్యం ఆవిడ మాటగా చేర్చాను.

ఎలా పట్టుకోవాలో చూపించాను. అట్టలు తెరిచి, పేజీల కట్టని మాత్రమే రెండు చేతులతో పట్టి, ఒక్కో ఆకు దానంతట అది జరిగేలా మెల్లగా వంచాలి, అర నిమిషం మించి ఉంచకూడదు, చేతులు పొడిగా ఉండాలి. చివరిది చెప్పబోతుంటే ఆవిడే లేచి వెళ్లి చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చారు.

వంచారు. కోట, కొండ. ఎర్ర శాలువా దగ్గర ఆవిడ చూపుడువేలు ఆగింది, ముట్టుకోలేదు. “ఇంకొంచెం పెద్దగా గుర్తుంది నాకు” అన్నారు. మూశారు. బంగారం. మళ్లీ వంచారు.

పెట్టెలో పుస్తకంతో పాటు వంచిన అంచు ఫొటో కూడా పెట్టాను, చూపించాల్సిన ప్రతిసారీ వంచనక్కర్లేకుండా. నా రిపోర్టు ఒక ప్రతి అడుగున ఉంది. అన్నిటికన్నా పైన, పెట్టె తెరవగానే కనిపించేలా, ఒక చీటీ. ఇంకో వందేళ్లకి ఈ వెన్ను మళ్లీ చిరిగి ఏ బైండరు చేతికి వెళ్తుందో, ఆ మనిషి కోసం ఇంగ్లీషులో రాసింది. తెలుగులో దాని సారం ఇంతే: “ముందంచులో బొమ్మ ఉంది. కింది అట్ట మచ్చ వైపు వంచితే కనిపిస్తుంది. వెన్నుకి పీవీఏ వాడొద్దు. ఫారాలు విప్పితే ముందంచు వైపే సమం చేయండి.”